ఒకే లెన్స్‌తో మార్సెయ్: నికాన్ జెడ్ 24-200 వాడి చూశాక

నికాన్ జెడ్ 24-200 లెన్స్ దగ్గర బెజవాడ ఫోటోగ్రాఫర్లు రెండు పార్టీలు. ఆ అంకెలు మిల్లీమీటర్లు, 24 దగ్గర విశాలమైన దృశ్యం పడుతుంది, రింగు 200కి తిప్పితే దూరాన ఉన్నది దగ్గరకొస్తుంది. మొదటి పార్టీ దాన్ని లెన్స్ కింద లెక్కే వేయదు. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది, అదీ వాళ్ళ బాధ. "ఎఫ్ 6.3 పెట్టుకుని కళ్యాణమండపంలో ఏం తీస్తావు బావా, తాళి కట్టేది కనపడొద్దా?" అంటారు. రెండో పార్టీ అంటే ఆ లెన్స్ కొనుక్కున్నవాళ్ళు. వాళ్ళు వాదనకు దిగరు, ఊరెళ్ళేటప్పుడు బ్యాగులో పడేసుకుని పోతారు. పాతికేళ్ళకు పైగా పెళ్ళిళ్ళు తీసి బతుకుతున్నవాణ్ణి, సహజంగానే మొదటి పార్టీలో ఉండేవాణ్ణి. 2024 ఆషాఢంలో పార్టీ మారాను. మార్పించింది ఫ్రాన్స్‌లో మధ్యధరా సముద్రం ఒడ్డునున్న మార్సెయ్ అనే రేవు పట్నం.

మా అమ్మాయీ అల్లుడూ అక్కడ ఉంటున్నారు. ఆషాఢంలో మన వృత్తికి ముహూర్తాలుండవు, స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తప్ప పనుండదు. అందుకని జూలైలో మా ఆవిణ్ణి తీసుకుని బయల్దేరాను. పెళ్ళిళ్ళకు నేను వాడేవి 24-70, 70-200, రెండూ ఎఫ్ 2.8 లెన్సులు. కెమెరా బాడీ కాకుండా ఆ రెండే రెండు కిలోల పైమాట. వాటిని సర్దుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నామా, కవరేజ్‌కి వెళ్తున్నామా?" అంది. ఆ మాటతో రెండూ బీరువాలోకి వెళ్ళిపోయాయి. వన్‌టౌన్‌లో ఒక మిత్రుడు వేరే కంపెనీకి మారిపోతూ ఈ 24-200ని అమ్మకానికి పెట్టాడు, అది తీసుకున్నాను. బరువు 570 గ్రాములు. నా జెడ్5 బాడీ బ్యాటరీతో కలిపి 675. అంటే మొత్తం కిలోంపావు. మెడలో రోజంతా వేలాడినా సాయంత్రానికి మెడ మెడలాగే ఉంటుంది.

లెన్స్ వివరాలు కొంచెం చెప్పి ఊళ్ళోకి వెళ్దాం. 2020 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఫిల్టర్ సైజు 67 మిల్లీమీటర్లు. ముడిచి ఉన్నప్పుడు 11 సెంటీమీటర్ల చిల్లర, 200కి తిప్పితే గొట్టం బాగానే ముందుకొస్తుంది. ఒంటిమీద ఒక్క లాక్ బటన్ తప్ప ఇంకే స్విచ్చూ లేదు, చెయ్యి వణుకును సరిచేసే వీఆర్‌ని కూడా బాడీ మెనూ నుంచే మార్చుకోవాలి. తుంపర్లు, దుమ్ము లోపలికి పోకుండా సీలింగ్ ఉంది. అపెర్చర్ 24 దగ్గర ఎఫ్ 4. అక్కడి నుంచి రింగు తిప్పేకొద్దీ చీకటైపోతూ, వందకు చేరకముందే 6.3కి దిగిపోతుంది. మొదటి పార్టీవాళ్ళ కోపం అక్కడే. ఎఫ్ 2.8తో పోలిస్తే 6.3 దగ్గర సెన్సార్ మీద పడేది అయిదో వంతు వెలుతురు. లెక్క తప్పు కాదు. కాకపోతే ఆ లెక్క మండపంలో కట్టింది.

జూలైలో మార్సెయ్ మిట్టమధ్యాహ్నం ఎండ ఎలాంటిదంటే, ఎఫ్ 6.3 పెట్టి ఐఎస్ఓ, అంటే సెన్సార్ సున్నితత్వం, వందలోనే ఉంచినా 1/640 సెకను షట్టర్ వచ్చేస్తుంది. వీఆర్ కూడా ఉంది కాబట్టి 200 దగ్గర చేత్తో పట్టుకుని తీయడానికి అది చాలు. అక్కడ 2.8 ఉన్నా నేను దాన్ని మూసుకునే తీసేవాణ్ణి. ఊరంతా సున్నపురాయి, దాని మీద ఎండ, పక్కన సముద్రం. వెలుతురు తక్కువైంది అనే మాట రాత్రి తొమ్మిది దాకా నోటికి రాదు.

యూరప్ వెళ్తున్నావా, అయితే వైడ్ లెన్స్ పట్టుకెళ్ళు అని అందరూ సలహా ఇచ్చారు. ఇరుకు సందులు, ఎత్తు చర్చీలు ఉన్న ఊళ్ళకు ఆ సలహా సరిపోతుందేమో గానీ మార్సెయ్‌కి సరిపోదు. నా ఫైళ్ళు తిరగేస్తే, ఉంచుకోదగ్గ ఫోటోల్లో ఎక్కువభాగం వందకు పైన తీసినవే. ఆ ఊరి కట్టుబడి అలాంటిది. మధ్యలో నీళ్ళు, చుట్టూ ఎత్తులు, ఒక ఎత్తు మీద నిలబడితే ఇంకో ఎత్తు కనిపిస్తుంది, మధ్యలో ఏం అడ్డం రాదు. చూడాల్సిందంతా అవతలి ఒడ్డున ఉంటుంది. వైడ్ పెడితే ఆకాశం, నీళ్ళు, మధ్యలో అగ్గిపుల్లంత గుడి.

ఆ గుడి పేరు నోత్ర్ దామ్ ద లా గార్డ్. మేరీమాత గుడి, కొండ దాదాపు 150 మీటర్ల ఎత్తు, 1864లో ప్రతిష్ఠ జరిగింది. గంటల గోపురం 41 మీటర్లు, దాని మీద బంగారు రేకు తాపిన 11.2 మీటర్ల మేరీమాత విగ్రహం, చేతుల్లో బాలయేసు. ఊళ్ళోవాళ్ళు ఆమెను 'బోన్ మేర్' అంటారు, అంటే చల్లని తల్లి. రేవు నుంచి వెళ్ళే ఓడలకూ పడవలకూ ఆమే దిక్కు. ఇంద్రకీలాద్రి కింద పుట్టి పెరిగినవాడికి కొండ మీద అమ్మవారు, కింద నీళ్ళు, ఊరు మొత్తం ఆమె కనుసన్నల్లో ఉండడం కొత్తేమీ కాదు. మా ఆవిడ బస్సు దిగగానే చెప్పులు ఎక్కడ విడవాలో వెతికింది.

మన వాళ్ళకు దూరం తెలియాలంటే ఇలా చెప్తాను. పాత రేవు తూర్పు గట్టు మీద నిలబడి ఆ గుడిని తీయడమంటే, సీతానగరం ఒడ్డున నిలబడి ప్రకాశం బ్యారేజీ అవతల అమ్మవారి గోపురాన్ని తీసినట్టు. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, అక్కడి దూరం 1,300 దాకా ఉంటుంది. 24 దగ్గర పెడితే గుడి ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. 135 దగ్గర పెట్టి కెమెరా నిలువుగా పట్టుకుంటే కింద సగం నిండా తెరచాప పడవల స్తంభాలు, వాటి వెనక మెట్లుమెట్లుగా ఎర్ర పెంకుల ఇళ్ళు, అన్నిటి పైన గుడి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. కంటికి అంత దగ్గరగా కనిపించవు, లెన్స్ 200 వైపు కొస దగ్గరకు లాగుతుంది. 200లో తీసిన ఫైల్‌ని కంప్యూటర్‌లో వంద శాతానికి పెంచితే తల్లి చేతుల్లో బిడ్డ ఆకారం విడిగా తెలిసింది. అంత దూరం నుంచి, చేత్తో పట్టుకుని, 24 మెగాపిక్సెల్ బాడీతో. ఆరోజే సగం పార్టీ మారాను.

సాన్ షార్ల్ రైల్వే స్టేషన్ ముందు కూడా ఇదే ఆట. బయటికి రాగానే 104 మెట్ల పెద్ద మెట్లదారి కిందికి దిగుతుంది, ఎదురుగా ఊరి మీదుగా ఆ గుడే. అక్కడి నుంచి రెండు కిలోమీటర్ల పైనే. రైలు దిగి పెట్టెలు లాక్కుంటూ వచ్చేవాళ్ళందరూ ఫోన్లు తీసి నిలబడేది ఆ చోటే. ఫోన్‌లో ఏం పడుతుందో చెప్పక్కర్లేదు. నేను ముందు 28లో మెట్ల అంచున ఉన్న రాతి బొమ్మలతో సహా తీశాను, అడుగు కదలకుండా రింగు 200కి తిప్పి గుడిని తీశాను. లెన్స్ మార్చేది ఉంటే, వెనక పెట్టె చక్రాలు మడమలకు తగులుతుంటే, నేను ఆ రెండోది తీసి ఉండేవాణ్ణి కాదు. ఈ లెన్స్ తాలూకు అసలు సుఖం నాణ్యతలో లేదు, ఇందులో ఉంది.

కొండ ఎక్కడానికి పాత రేవు దగ్గర 60వ నంబరు బస్సు ఉంది. పైన చుట్టూ తిరిగి ఊరంతా చూడొచ్చు. పడమటి గోడ దగ్గర నిలబడితే సముద్రంలో ఇఫ్ దీవి, దాని మీద కోట. 16వ శతాబ్దంలో మొదటి ఫ్రాన్సువా రాజు కట్టించాడు, తర్వాత చాలాకాలం జైలు. కొండ నుంచి నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ. 200 దగ్గర ఫ్రేమ్ వెడల్పులో మూడో వంతు దాకా దీవి పడుతుంది. చుట్టూ నీలం వదిలి మధ్యలో కోట పెట్టుకోవడానికి ఇంతకన్నా అక్కర్లేదు. ఒక్క ఇబ్బంది ఉంది, అది లెన్స్‌ది కాదు. మధ్యాహ్నం వేడికి నీళ్ళ మీద గాలి మరుగుతున్నట్టు కదులుతుంది, కోట గోడల అంచులు వంకరపోతాయి. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా అంతే. పొద్దున్నే వెళ్ళాలి, లేదా మిస్త్రాల్ వీచాక వెళ్ళాలి.

మిస్త్రాల్ అంటే వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి. రోన్ నది లోయ వెంట తోసుకుంటూ వచ్చి ఈ తీరం మీద పడుతుంది. మేమున్నప్పుడు కూడా వీచింది. మన ఊళ్ళో జూలై ఆకాశం తెల్లగా, జిడ్డుగా ఉంటుంది కదా. ఆ గాలి వచ్చిన రోజు అక్కడి ఆకాశం కడిగి ఆరేసినట్టుంది. దూరాన కొండల మీద ఒక్కో రాయి విడివిడిగా కనిపించింది. అయితే నిలబడనివ్వదు. ట్రైపాడ్ పెట్టినవాళ్ళు దాన్ని పట్టుకుని నిలబడ్డారు, తీసింది లేదు. నేను గోడకు వీపు ఆనించి, షట్టర్ వెయ్యికి పెంచి, వరసగా నాలుగైదు క్లిక్కులు కొట్టి అందులో ఒకటి ఉంచుకున్నాను. అలాంటి రోజుల్లో ఇఫ్ దీవికి వెళ్ళే పడవలు ఆపేస్తారు కూడా. దీవి మీదికి వెళ్ళడం మాకు కుదరలేదు, 200లో చూసుకున్నదే.

ఇక నా పెళ్ళి బుద్ధి పనికొచ్చిన చోటు ఒకటి చెప్పాలి. సున్నపురాతి ఊరు కాబట్టి ఎక్స్‌పోజర్ మోసం చేస్తుంది. నీడలో ఉన్న సందు చూసి మీటర్ వెలుతురు పెంచేస్తుంది, ఎండలో ఉన్న గోడ తెల్ల కాగితం అయిపోతుంది. ఇది పెళ్ళికొడుకు తెల్ల పంచె సమస్యే. పంచె మడతలు పోకూడదని ఎలా కొంచెం తగ్గించి తీస్తామో అలాగే బాగా తెల్లగా ఉన్న చోట్లు మాడిపోకుండా కొలిచే హైలైట్ మీటరింగ్ పెట్టి, నీడలు రా ఫైల్‌లో, అంటే కెమెరా ఇచ్చే ముడి ఫైల్‌లో, తర్వాత లేపుకున్నాను. లా మజోర్ కెథెడ్రల్ దగ్గర ఇది తప్పనిసరి. 1893కి పూర్తయిన ఆ కట్టడం మొత్తం తెలుపు, ముదురు ఆకుపచ్చ రాళ్ళ చారలు. తెలుపు పోతే చారలే ఉండవు.

దాని పక్కనే మ్యూసెమ్. 2013లో మార్సెయ్ యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఉన్న ఏడాది తెరిచిన మ్యూజియం, రూడీ రిచియోత్తి కట్టాడు. గాజు పెట్టె చుట్టూ నల్లటి కాంక్రీటు జాలీ. జాలీకీ గాజుకూ మధ్య ఉన్న వాలుదారిలో నడుస్తుంటే, ఎండ జాలీలోంచి పడి నేలా గోడలూ మనుషులూ అంతా లేసు ముగ్గు పడిపోతారు. ఇక్కడ మాత్రం లెన్స్ వైడ్ వైపే బతికింది. 24, 28, 35. మా అమ్మాయి తెల్ల చొక్కా మీద నీడ చుక్కలు పడ్డ ఫోటో ఒకటి, అచ్చంగా ప్రీవెడ్డింగ్ సరుకు. ఆరుబయట భాగాలకు, పైకప్పుకు టికెట్ లేదు. పైకప్పు మీంచి సన్నటి నల్లటి నడక వంతెన 17వ శతాబ్దపు సాన్ జాన్ కోటలోకి దూకుతుంది, మధ్యలో ఎక్కడా స్తంభం లేదు. కోట వైపు నుంచి వంతెన మీద ఒకే ఒక్క మనిషి ఉన్నప్పుడు 100లో తీస్తే బాగుంటుంది. ఆ ఒక్క మనిషి కోసం చాలాసేపు నిలబడాలి.

పాత రేవు గట్టు మీద ఆర్కిటెక్టు నార్మన్ ఫాస్టర్ పెట్టిన అద్దం పందిరి ఉంది, అదీ 2013దే. మెరుగు పెట్టిన స్టీలు రేకుల పైకప్పు, కింద నిలబడి పైకి చూస్తే మనం తలకిందులు. పిల్లలూ పెద్దలూ అందరూ మెడలు ఎత్తుకుని తిరుగుతుంటారు. 24తో ఒకటి తీసేసి ముందుకు సాగండి, అందరి దగ్గరా ఉండే ఫోటోనే. దాని పక్కనే పొద్దున పూట పెట్టే చేపల బల్లల దగ్గర ఆగండి. పడవలోంచి దింపి అక్కడే అమ్ముతారు. ఈ లెన్స్ 200 దగ్గర కూడా 70 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ పడుతుంది. అంటే బల్ల అవతల నిలబడే చేప కన్ను ఫ్రేమ్ నిండా తీయొచ్చు, అమ్మేవాళ్ళ మీద పడక్కర్లేదు. ఎర్రటి ముళ్ళ చేప ఒకటి, రాస్కాస్ అంటారు, వాళ్ళ చేపల పులుసు బుయ్యబేస్‌లో అది ఉండి తీరాలట. దాని మొహం కోపంగా ఉన్న బామ్మర్దిలా ఉంటుంది. మా ఆవిడ ఆ అమ్మేవాణ్ణి సైగలతోనే ధర అడిగింది, ఆమె సైగలతోనే బేరం కూడా చేసింది. అతను నవ్వాడు గానీ తగ్గించలేదు. ఫోటో తీయనా అని కెమెరా చూపించి అడిగితే చేప పైకెత్తి పట్టుకున్నాడు. అడక్కుండా తీసినవాళ్ళకు మాత్రం పక్క బల్ల ఆమె గట్టిగా పెట్టింది, ఫ్రెంచిలో అయినా అర్థమైంది.

కోర్నిష్ అనే సముద్రపు రోడ్డు గురించి రాయకపోతే మా ఆవిడ ఒప్పుకోదు. రోడ్డు అంచునే మూడు కిలోమీటర్ల సిమెంటు బెంచీ, ప్రపంచంలో ఇంత పొడుగు బెంచీ ఇంకోటి లేదని వాళ్ళ గొప్ప. అక్కడ ఆమె మంగళగిరి చీరతో కూర్చుంది. ముదురాకుపచ్చ చీర, జరీ నిజాం అంచు. గాలికి పైట నిలవదు, ఒక చేత్తో పైట, ఇంకో చేత్తో జడ పట్టుకుని "తొందరగా తియ్యండి" అంటోంది. నేను మూడు గజాలు వెనక్కి జరిగి 200 పెట్టాను. ఎఫ్ 6.3 అయినా సబ్జెక్ట్ దగ్గరగా, సముద్రం దూరంగా ఉంటే వెనక బాగానే కరిగిపోయింది. 2.8లా వెన్నముద్ద కాలేదు, అలలు అలలని తెలుస్తాయి. ఊరెళ్ళి తీసుకున్న ఫోటోలో ఊరు కాస్త కనపడాలి కదా, నాకైతే అదే బాగుంది. జరీ పోగులు మాత్రం ఒక్కోటి లెక్కపెట్టొచ్చు.

ఆ ఏడాది ప్యారిస్ ఒలింపిక్స్ తెరచాప పడవల పోటీలు మార్సెయ్‌లోనే పెట్టారు. మేమున్నప్పుడు పోటీలు మొదలవలేదు గానీ ప్రాక్టీసు పడవలు కోర్నిష్ నుంచి కనిపించేవి. ఇక్కడ లెన్స్ చేతులెత్తేసింది. 200 చాలదు, 400 అయినా కావాలి. ఫోకస్ కూడా ఒకే రంగు నీళ్ళ మీద అటూ ఇటూ తడుముకుంది. క్రాప్ చేసి ఫోన్‌లో పంపుకోవడానికి పనికొచ్చాయి, ప్రింటుకు రాలేదు.

కోర్నిష్ కిందే వాలోన్ దెజోఫ్ అనే చిన్న జాలర్ల రేవు. రోడ్డు వంతెన కమానుల కింద నుంచి సముద్రం లోపలికొచ్చి ఆగుతుంది, రంగుల చెక్క పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. సాయంత్రం పూట వెళ్ళండి. జూలైలో సూర్యుడు ఇఫ్ కోట వెనక దిగడు, బాగా వాయవ్యానికి జరిగి కోత్ బ్లూ కొండల వైపు దిగుతాడు. కోట వెనక సూర్యాస్తమయం కావాలనుకున్నవాళ్ళు వేరే నెలల్లో వెళ్ళాలి. ఇంకో సంగతి, మన దగ్గర జూలైలో ఏడింటికి ముందే పొద్దు గూకి ఇరవై అయిదు నిమిషాల్లో చీకటైపోతుంది. అక్కడ తొమ్మిదింబావు దాటాక గానీ సూర్యుడు దిగడు, దిగాక కూడా అరగంట పైన నీలం వెలుతురు ఆగుతుంది. ఊరు ఉత్తరాన 43 డిగ్రీల మీద ఉండడం వల్ల సూర్యుడు ఏటవాలుగా జారతాడు. రాత్రి భోజనం పది దాటుతుందని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పుకోవాలి. ఆ నీలం వెలుతురులో 24 దగ్గర ఎఫ్ 4, వీఆర్ సాయంతో షట్టర్ 1/8కి దించి చేత్తోనే తీశాను. పడవలు కదలకపోతే పదును ఖాయం. కదిలితే వీఆర్ ఏం చేస్తుంది, అది నా చేతి వణుకును ఆపుతుంది గానీ అలను ఆపదు.

లా గార్డ్ గుడి లోపల కూడా వెలుతురు తక్కువే. ఎర్రరాతి చారల కమానులు, బంగారు మొజాయిక్ కప్పు, పైనుంచి తీగలకు వేలాడుతున్న చిన్న చిన్న ఓడల నమూనాలు. సముద్రంలో గండం గడిచినవాళ్ళు మొక్కు తీర్చుకుంటూ కట్టినవి. గోడల నిండా తుఫానుల్లో చిక్కిన ఓడల బొమ్మలు. 24లో కప్పు బాగా వచ్చింది. వేలాడే ఓడను 150లో తీయబోతే మాత్రం ఐఎస్ఓ 6400 దాటింది, జెడ్5 దాన్ని మోసింది గానీ బంగారం కాస్త ఇసకైంది. 2.8 ఉంటే బాగుండు అనిపించింది అక్కడొక్కచోటే. ప్రార్థన మొదలవగానే కెమెరా దించేశాను.

కలాంక్‌ల గురించి ఊరికే ముగిస్తాను, పడవ మీంచి చూసినదే. ఊరికి దక్షిణాన తెల్ల సున్నపురాతి కొండలు సముద్రంలోకి చీలి పడ్డ సన్నటి నీటి సందులు, 2012 నుంచి నేషనల్ పార్కు. ఎండాకాలంలో అడవి మంటల భయంతో నడకదారులు మూసేస్తుంటారు, సుజితోన్ అనే కలాంక్‌కి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. పడవలో పోలరైజర్ ఫిల్టర్ పెట్టాను. నీళ్ళ మీద మెరుపు తీసేస్తే కింద రాళ్ళు, పచ్చనీలం బయటపడతాయి. అయితే 24 దగ్గర పెడితే ఆకాశంలో ఒక మూల ముదురు, ఒక మూల లేత, పెద్ద మచ్చలా వస్తుంది. 50 పైన వాడుకోండి. ఉప్పు తుంపర్లు ఎదురు గ్లాసు మీద పడితే పొడిగుడ్డతో తుడవొద్దు, ఉప్పు రవ్వ గీత పెడుతుంది. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. సీలింగ్ తన పని తను చేసింది. గొట్టం ఇన్నిసార్లు బయటికీ లోపలికీ తిరిగినా లోపల దుమ్ము చేరలేదు.

ఆ రేవుకు మనతో పాత బంధం కూడా ఉంది. 1910 జూలైలో సావర్కర్ ఓడ కిటికీలోంచి దూకి ఈదింది అక్కడే. 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన భారత సైనికులు దిగింది అక్కడే. వాళ్ళ స్మారకం మజార్గ్ శ్మశానవాటికలో ఉంది, మా అల్లుడు తీసుకెళ్ళాడు. ఆ తర్వాత 2025 ఫిబ్రవరిలో మన ప్రధాని కూడా అక్కడికి వెళ్ళారు, ఊళ్ళో మన కాన్సులేటు తెరిచారు.

తిరిగొచ్చాక ప్రింట్ల దగ్గర పెద్ద గొడవైంది. ఊళ్ళో ఒక ల్యాబ్‌కి ఫైళ్ళు పంపాను, పేరు రాయను. వచ్చిన ప్రింట్లలో సముద్రం సిరా సీసాలా ఉంది, సున్నపురాయికి పసుపు రాసినట్టుంది. అడిగితే ఆపరేటర్ కుర్రాడు, "డల్‌గా ఉన్నాయి అన్నా, కాస్త లేపాను" అన్నాడు. వాడి తప్పనలేం, రోజంతా పెళ్ళి ఆల్బమ్‌లు వేసేవాడు, వాడి కంటికి తెల్లటిది ఏదైనా డల్లే. 'నో కరెక్షన్' అని ఫైల్ పేరులోనే రాసి, మ్యాట్ పేపర్ మీద మళ్ళీ వేయించాను. ఇరవై బై ముప్ఫై అంగుళాల్లో లా గార్డ్ ఫోటో ఇప్పుడు స్టూడియోలో ఉంది. 24 మెగాపిక్సెల్ ఫైల్ ఆ సైజుకు అంగుళానికి 200 చుక్కలిస్తుంది, రెండడుగుల దూరం నుంచి ఏ లోపమూ కనపడదు. మూలలు 200 దగ్గర కొంచెం మెత్తబడ్డాయి, నేను చూపిస్తే తప్ప ఎవరూ చూడలేదు. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చేవాళ్ళు మాత్రం "ఇది వైజాగా అండీ?" అని అడుగుతున్నారు.

గుంటూరులో ప్రెస్సు నడిపే తెలిసినాయన ఒకరు క్యాలెండర్‌కి మ్యూసెమ్ ఫోటో అడిగారు. ఇవ్వలేదు. ఫ్రాన్స్‌లో కట్టడాల ఫోటోలను మనిషి తన సొంతానికి వాడుకోవచ్చు గానీ, ఆర్కిటెక్టు హక్కులు ఉన్న కొత్త కట్టడాలను వ్యాపారానికి వాడాలంటే అనుమతి కావాలి. లా గార్డ్ కట్టిన ఎస్పెరాంద్యూ 1874లోనే పోయాడు కాబట్టి దానితో చిక్కు లేదు. ఆయనకు గుడి ఒకటి, కలాంక్ ఒకటి ఇచ్చాను. అక్కడికెళ్ళి స్టాక్ ఫోటోలు అమ్ముకుందాం అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ ఈ లెన్స్‌ని ఎక్కడ వాడుతున్నానంటే, గాంధీకొండ మీంచి ఊరు తీయడానికి, భవానీ ద్వీపం పడవల మీద, కొండపల్లి కోట దగ్గర. వెలుతురున్న ప్రీవెడ్డింగ్‌లకు కూడా తీసుకెళ్తున్నాను, పిల్లలు రెండు బట్టలు మార్చుకునేలోపు నాకు లెన్స్ మార్చే పని లేదు. దసరా రాత్రి కొండ మీద క్యూలైన్లు తీయడానికి మాత్రం వద్దు. లైట్ల కింద జనం కదులుతుంటే 1/125 కావాలి, 6.3 దగ్గర ఐఎస్ఓ 12800కి పోతుంది. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి ఉన్న పెళ్ళికి దీన్నొక్కదాన్నే పట్టుకెళ్తే పెళ్ళివారు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. మొదటి పార్టీవాళ్ళు ఆ మేరకు కరెక్టే. బీరువాలో ఉన్న నా 70-200ని నేనూ అమ్మలేదు.

సెకండ్‌హ్యాండ్‌లో చూసేవాళ్ళు మూడు సంగతులు చూడండి. లెన్స్‌ని బోర్లా పట్టుకుని ఊపండి, లాక్ వేయకుండా గొట్టం దానంతటదే జారితే ధర తగ్గించమనండి. వెనక నుంచి ఫోన్ టార్చి కొట్టి లోపల సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో వెతకండి, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, వానాకాలంలో సిలికా జెల్ లేని బీరువాలో పెట్టిన లెన్స్‌కి అది తప్పదు. 200 దగ్గర పెట్టి, షట్టర్ 1/30లో అమ్మేవాడి షాపు ఎదురు బోర్డు తీసి, అక్షరాలు చదవగలిగితే వీఆర్ బాగున్నట్టే. నాది ఈ మూడూ చూసే తీసుకున్నాను, అయినా మా మిత్రుడు టీ ఖర్చు కూడా నా చేతే పెట్టించాడు.